ఆమైన ఏమాయ?

1998-99 నాటి ఆదివారాలు మా ఊళ్ళో ఉగ్గాని బజ్జీతో మొదలయ్యేవి. చెయ్యి సరిగా కడుక్కోకుండానే ఎదురింటి నడవలోకి పరుగెత్తేవాళ్ళం. అక్కడ నలుపు తెలుపు టీవీ ఉండేది. ముందు పిల్లలం, గోడవారన ఆడవాళ్ళు. ఏరువాక దగ్గరపడే రోజులైతే వాళ్ళ మధ్య విత్తనానికి ఒలిచే శెనక్కాయల కుప్ప. తెర మీద మిలింద్ సోమన్, కెప్టెన్ వ్యోమ్ వేషంలో. కేతన్ మెహతా తీసిన ఆ హిందీ సీరియల్లో అంతరిక్ష నౌకలు, గ్రహాంతర ఖైదీలు, మెరిసే దుస్తులు. ఒక ఆదివారం అతను శత్రువు ఎదుట నిలబడి చెయ్యి ఎత్తాడో లేదో, కరెంటు పోయింది.

శెనక్కాయలు మాత్రం ఆగలేదు. కరెంటు లేకున్నా టపటపమని ఒలుస్తూనే ఉన్నారు.

పక్కవీధిలో ట్రాక్టరు బ్యాటరీకి చిన్న టీవీ తగిలించుకున్న ఇల్లొకటి ఉండేది. ఆ ఇంటి పిల్లోడు గంట తర్వాత రచ్చకట్ట మీదికి దొరలా వచ్చి కూర్చునేవాడు. చుట్టూ మేము. 'ఆమైన ఏమాయ?' అని అడగడం మా వంతు, చెప్పడం వాడి వంతు. మేము చూడలేదని వాడికి తెలుసు కాబట్టి వ్యోమ్ ఒక్క దెబ్బకు కొట్టినవాణ్ణి వాడు పది దెబ్బలకు కొట్టించేవాడు. వాడికి హిందీ అంతంత మాత్రం. మాటలు అర్థం కానిచోట దర్జీ భాయ్‌ని అడిగేవాళ్ళం. ఆయనింట్లో ఉర్దూ మాట్లాడతారు. మిషను తొక్కుతూనే, 'వాడు అట్ల అనలేదప్పా, ఇట్ల అన్నాడు' అని దిద్దేవాడు. అక్కడితో తగువు మొదలు. బుధవారం దాకా ఆ తగువే.

ఒకే ఎపిసోడును నలుగురు కూడి మళ్ళీ చూడటం, చూసి వాదించుకోవడం అభిమానం ముదిరినవాళ్ళ తీరిక వ్యవహారమని చాలామంది అనుకుంటారు. నాకు ఆ లెక్క సరిపోదు. మొదటిసారి సరిగా చూడలేకపోయినవాళ్ళే రెండోసారి చూడటాన్ని కనిపెట్టారు. కరెంటు లేక, భాష రాక, టీవీ లేక.

మా ఊరి గతే బ్రిటన్‌దీ ఒకప్పుడు. 1963 నవంబరు 23, శనివారం సాయంత్రం బీబీసీలో 'డాక్టర్ హూ' మొదటి ఎపిసోడు వచ్చింది. పోలీసు పెట్టెలా కనబడే యంత్రంలో కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగే ఒక ముసలాయన కథ. ముందురోజే అమెరికాలో కెనెడీని కాల్చి చంపారు. జనం మనసంతా ఆ వార్తల మీదే ఉంది. అది చాలదన్నట్టు ఆ సాయంత్రం దేశంలో కొన్నిచోట్ల కరెంటు పోయింది. దాంతో బీబీసీ వారం తిరిగాక, 30వ తేదీన, రెండో భాగానికి ముందు మొదటి భాగాన్ని మళ్ళీ వేసింది. అరవై ఏళ్ళు దాటినా ఇంకా నడుస్తున్న ఆ కథకు తొలి పునఃప్రదర్శన అలా కుదిరింది. ఇది చదివిన రోజు నాకు దర్జీ భాయ్ మిషను చప్పుడు మళ్ళీ వినబడింది.

ఆ సీరియలుకే ఇంకో గండం వచ్చింది. అప్పట్లో వీడియో టేపు ఖరీదు. నటుల ఒప్పందాల ప్రకారం ఒక భాగాన్ని ఎడాపెడా మళ్ళీ వేయడానికీ లేదు. ఇంట్లో ఎవరైనా టేపు కొనుక్కుని చూస్తారన్న ఊహే లేని కాలం. కాబట్టి పాతవాటిని చెరిపి ఆ టేపుల మీదే కొత్తవి తీశారు. మొదటి ఆరేళ్ళలో వచ్చినవాటిలో తొంభైకి పైగా ఎపిసోడ్ల బొమ్మ ఈనాటికీ లేదు. అయితే ధ్వని ఉంది, ప్రతి ఎపిసోడుదీ. టీవీ ముందు మైకు పెట్టి, ఇంట్లోవాళ్ళను దగ్గొద్దని బతిమాలి, టేపు రికార్డరులో పట్టుకున్న కుర్రాళ్ళ పుణ్యం అది. వాళ్ళు ఆ ధ్వనినే పదేపదే విని, స్నేహితులకు వినిపించి, బొమ్మను తలలో గీసుకున్నారు.

బొమ్మ లేకుండా సినిమా ఎలా అని తెలుగువాళ్ళు అడగరు. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం విన్న తరం ఇంకా ఉంది. గంటలో సినిమా అంతా చెవిలో పడేది. పెళ్ళి పందిట్లో మైకుసెట్టు వాడు 'మాయాబజార్' క్యాసెట్ పెడితే, వంటవాడు గరిటె తిప్పుతూ ఘటోత్కచుడి మాటలు ముందే అనేసేవాడు.

అమెరికాలో దారి వేరు. అక్కడ సైన్స్ ఫిక్షన్ అభిమానులకు టీవీ కంటే ముందే ఒకరి చిరునామా ఒకరికి తెలుసు. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ మొదలుపెట్టిన 'అమేజింగ్ స్టోరీస్' పత్రికలో పాఠకుల ఉత్తరాలను చిరునామాలతో సహా వేసేవారు. దాంతో పాఠకులు సంపాదకుణ్ణి వదిలేసి తమలో తాము రాసుకోవడం మొదలెట్టారు. 1966 సెప్టెంబరు 8న 'స్టార్ ట్రెక్' వచ్చేనాటికి ఈ ఉత్తరాల సైన్యం సిద్ధంగా ఉంది. రెండో ఏడాదే ఆపేస్తారన్న పుకారు రాగానే దాన్ని ప్రసారం చేసే ఎన్‌బీసీ మీద ఉత్తరాల వాన కురిపించి మూడో ఏడాది సాధించుకున్నారు. సాధించినా 1969లో ఆగిపోయింది. మొత్తం 79 ఎపిసోడ్లు. అసలు వైభవం ఆగిపోయాకే. ఊరూరి చిన్న స్టేషన్లు ఆ 79నే కొనుక్కుని సాయంత్రాలు తిప్పి తిప్పి వేశాయి. 1972 జనవరిలో న్యూయార్క్ హోటల్లో అభిమానులు సమావేశం పెడితే కొన్ని వందలమంది వస్తారనుకున్నచోట వేలమంది దిగారు. కొత్త ఎపిసోడు ఒక్కటీ లేదు. చూసినదాన్ని గురించి మాట్లాడుకోవడానికే వచ్చారు.

ఆ స్టార్ ట్రెక్కే 1980లలో దూరదర్శన్‌లో ఆదివారం పూట వచ్చింది, ఇంగ్లీషులో. అందులోని మిస్టర్ స్పాక్ పాత్ర చెవులు చూసి రాక్షసుడే అనుకున్న ఇళ్ళెన్నో.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన పల్లెల్లో టీవీ ముందు జనం గుమిగూడటమే ఒక సైన్స్ ఫిక్షన్ రచయిత ఊహకు కొనసాగింపు. భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టుండే ఉపగ్రహాలతో ప్రపంచమంతా ప్రసారాలు చేయవచ్చని ఆర్థర్ సి. క్లార్క్ 1945లో 'వైర్‌లెస్ వరల్డ్'లో రాశాడు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో చేసిన 'సైట్' ప్రయోగం అలాంటిదే. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీలు ఇచ్చారు. కోళ్ళగూడు వలలాంటి జల్లెడతో పది అడుగుల డిష్షు, పంచాయతీ ఆవరణలోనో బడిలోనో పెట్టె, దాని ముందు ఊరంతా. తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లలకు పాఠాలు. కొలంబోలో ఉంటున్న క్లార్క్ ఇంటి మీద కూడా ఇస్రో ఒక డిష్షు బిగించింది. ముప్పై ఏళ్ళ కిందట తాను రాసినదాన్ని ఆయన తన ఇంట్లోనే కూర్చుని చూశాడు.

మరి టీవీ రాకముందు? ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే అనంతపురం సీమ మాది. తక్కువ వానకు దేశంలో జైసల్మేరు తర్వాత మా పేరే చెబుతారు. వాన ముఖం చాటేసిన ఏడాది పల్లెలు బొమ్మలాటవాళ్ళను పిలిచి విరాటపర్వం ఆడించేవి. విరాటపర్వం ఆడితే, చదివితే వాన పడుతుందని నమ్మకం. కరువు ఎంత ఎక్కువైతే ఆ కథ అన్నిసార్లు చూసేవారన్నమాట. కీచకుడు చస్తాడని పసిపిల్లకు కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చునేవారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు మీద ఆ బొమ్మలు గీస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఆ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చేది కథ కాదు. భీముడు గదెత్తిన ఘట్టంలో సందు చూసుకుని తెరమీదికి దూకే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క. వాళ్ళు కథలో పాత్రలు కారు. కథ చూస్తున్న మనలాంటివాళ్ళే. రాజును వెక్కిరిస్తారు, ఊరి కరణాన్ని ఏకుతారు, మోటు హాస్యం ఆడి తప్పుకుంటారు. 1988 నవంబరులో అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో ఒక చిన్న స్టేషను 'మిస్టరీ సైన్స్ థియేటర్ 3000' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పాత, నాసిరకం సైన్స్ ఫిక్షన్ సినిమా నడుస్తుంటుంది. తెర అడుగున ఒక మనిషి, రెండు రోబో బొమ్మలు నల్లటి నీడల్లా కూర్చుని సినిమా పొడుగునా వెక్కిరిస్తుంటారు. కొత్త ఆలోచన అని మెచ్చుకున్నారు. నీడబొమ్మలు, వెక్కిరింత, తెలిసిన కథ. మా జుట్టుపోలిగాడు చూస్తే జీతం బకాయి అడిగేవాడు.

మా ఊళ్ళోకి వీడియో డెక్కు వచ్చాక పరిస్థితి తిరగబడింది, బొమ్మను ఆపడం మా చేతికి వచ్చింది. వినాయక చవితికి కుర్రాళ్ళు చందాలు వేసుకుని టౌను నుంచి రంగుల టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి బాడుగకు తెచ్చేవారు. మూడింట్లో ఒకటి 'ఆదిత్య 369' అయితీరాలి. 1991లో వచ్చిన ఆ సినిమాకు బీజం తాను కాలేజీలో చదివిన హెచ్.జి. వెల్స్ నవల 'టైం మెషీన్' అని సింగీతం శ్రీనివాసరావు చెప్పారు. వెల్స్ నాయకుడు ముందుకే పోయాడు. సింగీతం వెనక్కి కూడా తిప్పి, బాలకృష్ణను 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువులో దించారు. తర్వాత 2504కు. మా సీమవాళ్ళకు అది ఊహ కంటే చుట్టరికం. విజయనగరానికి రెండో రాజధాని పెనుకొండ మాదే. 1565లో తళ్ళికోట దెబ్బ తర్వాత తిరుమలరాయలు గద్దెను మార్చింది అక్కడికే. అనంతపురంలో 1981లో పెట్టిన విశ్వవిద్యాలయానికీ శ్రీకృష్ణదేవరాయల పేరే.

డెక్కులో సౌకర్యం, కావలసినచోట ఆపవచ్చు. రాయల కొలువు రాగానే ఎవరో ఒకరు 'ఆపుండ్రి' అనేవారు. ఒకసారి మా సోషల్ సారు లేచి, 'రాయలవారి కాలంలో మన దగ్గర శెనక్కాయ లేదురా' అన్నాడు. అది దక్షిణ అమెరికా పంట, చాలా తర్వాత వచ్చింది, మిరపకాయదీ అదే కథ అని వివరించాడు. జనం నమ్మలేదు. శెనక్కాయ లేని అనంతపురమా? మరి ఏం తినేవాళ్ళు? కొర్రలు, జొన్నలు, రాగులు. కారం? మిరియాలు. క్యాసెట్ ఆగింది ఆగినట్టే ఉంది, గంటసేపు రాయలనాటి సంగటి మీద వాదన. బాడుగ గంటల లెక్కన కాదు కాబట్టి సరిపోయింది. టైం మెషీన్ చేయాల్సిన పని ఆ గంటలో నిజంగా జరిగిందని నా నమ్మకం. ఒక ఊరు తన పొలాన్ని ఐదొందల ఏళ్ళ వెనక్కి పోయి చూసుకుంది.

ఆ బాలకృష్ణే 2014 నుంచి హిందూపురం శాసనసభ్యుడు. 2504ను చూసివచ్చిన ఎమ్మెల్యే ఇంకే నియోజకవర్గానికీ లేడు. 2025 ఏప్రిల్లో ఆ సినిమాను కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేస్తే, క్యాసెట్ తరం పిల్లల్ని వెంటేసుకుని థియేటర్లకు పోయింది.

ఇప్పుడు కరెంటు పోయినా ఫోను ఉంటుంది. ఎవరి బొమ్మ వారి చేతిలో. కూడి చూడటం పోయిందనుకున్నాను. రెండేళ్ళ కిందట మా అక్క కొడుకు హాస్టలు నుంచి ల్యాప్‌టాపు తెచ్చి, జర్మన్ సీరియల్ 'డార్క్'ను ఇంట్లో రెండోసారి చూస్తున్నాడు. 2017 నుంచి 2020 దాకా వచ్చిన 26 ఎపిసోడ్లు. కాలంలో వెనక్కీ ముందుకూ పోయే నాలుగు కుటుంబాల గొడవ. ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చుకోలేక వాడు నోటుబుక్కులో వంశవృక్షం గీస్తున్నాడు. ఎవరు ఎవరికి ఏ వరసో తేల్చడంలో మా అవ్వను మించినవాళ్ళు లేరు. దగ్గరకు జరిగింది.

'ఈమె ఎవరప్పా?'

'షార్లెట్. ఆ పిల్ల ఎలిజబెత్ ఈమె కూతురు. కానీ షార్లెట్‌ను కన్నది కూడా ఎలిజబెత్తే, అవ్వా.'

అవ్వ కాసేపు తెరవైపు చూసింది. 'అట్లయితే పురుడు ఎవరింట్లో పోసినారు?'

వాడి దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి స్నేహితులకు ఫోన్లు చేశాడు. వాళ్ళ దగ్గరా లేదు. మర్నాడు ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు మా ఇంటికి వచ్చి, అవ్వకు చెరో పక్క కూర్చుని, ఆ ఎపిసోడు మళ్ళీ మొదటినుంచి పెట్టారు.

ఇది చదువుతున్నవారికి ఒక మనవి. మీ అటక మీద, పాత ట్రంకు పెట్టెలో, దూరదర్శన్ ఆదివారాలు ఎక్కించుకున్న వీడియో క్యాసెట్టో, టీవీ ముందు మైకు పెట్టి పట్టుకున్న ఆడియో క్యాసెట్టో ఉండవచ్చు. బూజు పట్టిందని పారేయకండి. మీకు టీవీలో వచ్చిన పాత సీరియలే అనిపించవచ్చు. దాని మీద రాసి ఉన్న తేదీ చూసి, బొమ్మ ఉండగానే ఒక కాపీ తీయించండి.