పైలట్ లైసెన్సుకు తోడు రెండో చదువు: బళ్లారి నుంచి ఓర్వకల్లు దాకా

1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి టాటాల టపా విమానం బయలుదేరింది. బొంబాయి దాకా దాన్ని జె.ఆర్.డి. టాటా నడిపారు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ అందుకుని బళ్లారిలో దిగి, ఆ రాత్రి ఆగి, మరునాడు మద్రాసు చేర్చారు. బళ్లారి అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. కర్నూలు, కడప, అనంతపురాలతో కలిసి దత్తమండలాల్లో ఒకటి. నంద్యాల సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అని పేరు పెట్టుకుని అప్పటికి నాలుగేళ్లే. అంటే టాటాల టపా సర్వీసు తన మొదటి ప్రయాణంలోనే సీమ గడ్డ మీద ఒక రాత్రి బస చేసింది. అయితే బేతంచెర్ల నాపరాళ్ల గనుల మధ్య పెరిగిన పిల్లలు తామూ పైలట్లం కావచ్చని అనుకోవడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. 2021 మార్చిలో పక్కనున్న ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట విమానాశ్రయం తెరిచారు. ఇప్పుడు ఇంటర్‌లో ఎం.పి.సి. చదివే పిల్లలున్న ఇళ్లలో ఒక ప్రశ్న వినిపిస్తోంది: పైలట్ ఉద్యోగం రాకపోతే ఎలా, చేతిలో ఏ డిగ్రీ ఉండాలి? ఈ వృత్తి చరిత్రను కాస్త నిదానంగా చూస్తే, ఆ ప్రశ్నకు మన ఇళ్లలో అలవాటుగా చెప్పే జవాబు సరైనది కాదనిపిస్తుంది.

తొలి తరం పైలట్లకు ఈ బెంగ లేదు. జె.ఆర్.డి.కి కాలేజీ డిగ్రీ లేదు, ఆయనకు దాని అవసరమూ రాలేదు. విన్సెంట్ బ్రిటిష్ వైమానిక దళం నుంచి వచ్చినవాడు. ఆ రోజుల్లో విమానం నడిపినవారి వెనక కుటుంబ ఆస్తి ఉండేది, లేదా సైన్యం ఉండేది. తెలుగు నేల మీద తొలి పెద్ద విమాన సంస్థ డెక్కన్ ఎయిర్‌వేస్ 1945లో హైదరాబాదులో పుట్టింది. అందులో పెద్ద వాటా నిజాం ప్రభుత్వ రైల్వేది. 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌కు, మరెక్కడా చోటు దొరకని రోజుల్లో, ఉద్యోగమిచ్చిన సంస్థ అదే. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ బేగంపేట నుంచి ఎగిరిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది. 1953లో డెక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. ఆ తర్వాత నలభై ఏళ్లపాటు పైలట్ ఉద్యోగం సర్కారు కొలువు. అవకాశాలు తక్కువే, కానీ దొరికినవాడికి పదవీ విరమణ దాకా ఢోకా లేదు. మొదట ఆస్తి, తర్వాత ప్రభుత్వం ఆదుకుంటూ వచ్చాయి కాబట్టే రెండో చదువు ఊసు అప్పట్లో రాలేదు.

1994లో ప్రైవేటు సంస్థలకు దారి తెరవడంతో ఆ భరోసా పోయింది. 1997 ముగిసే లోపే ఈస్ట్ వెస్ట్, మోడీలుఫ్ట్, ఎన్ఈపీసీ మూతపడ్డాయి. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయాయి. తెలుగువాళ్లు పెట్టిన సంస్థల కథా అంతే. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరిలో ఆగింది. 2015లో హైదరాబాదు నుంచి ఎగిరిన ట్రూజెట్ 2022లో ఆగింది. కడప అనుభవం మరీ చెప్పుకోదగ్గది. 2015 జూన్‌లో అక్కడి విమానాశ్రయం తిరిగి తెరిచిన రోజు దిగిన ఎయిర్ పెగాసస్ మరుసటి ఏడాది జూలైకే మూతపడింది. ఆ తర్వాత కడప నుంచి సర్వీసులు నడిపిన ట్రూజెట్టూ మిగల్లేదు. రన్‌వే అక్కడే ఉంది, ప్రయాణికులూ ఉన్నారు, ఆ సంస్థలే లేకుండా పోయాయి.

ఈ జాబితా చూసి, సంస్థ మూతపడితే ఆదుకోవడానికే డిగ్రీ అని చాలామంది అనుకుంటారు. అక్కడే పొరపాటు. జెట్ ఆగినప్పుడు వేల గంటల అనుభవమున్న కెప్టెన్లు నెలల తరబడి జీతాలు రాక నలిగిపోయిన మాట నిజం. కానీ వాళ్లలో చాలామందిని మిగతా సంస్థలు తీసుకున్నాయి. నిజంగా చిక్కుకునేది చేతిలో రెండు వందల గంటలు మాత్రమే ఉన్న కొత్త లైసెన్సుదారు. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు కావలసినవి పద్దెనిమిదేళ్ల వయసు, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్, ఆరోగ్య పరీక్షలు, రాత పరీక్షలు, రెండు వందల గంటల ఫ్లయింగ్. లైసెన్సు అర్హత మాత్రమే, ఉద్యోగం కాదు. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత కొన్నేళ్లపాటు అలాంటి లైసెన్సులు పట్టుకుని వేలమంది ఖాళీగా కూర్చున్నారు. 2020లో కోవిడ్ వచ్చి మార్చి 25 నుంచి రెండు నెలలు దేశీయ విమానాలే ఆగినప్పుడు, కొత్తవాళ్ల వరుస ఇంకా వెనక్కి జరిగింది. కాబట్టి డిగ్రీ అక్కరకు రావలసిన కాలం లైసెన్సుకూ మొదటి ఉద్యోగానికీ మధ్య ఉండే ఆ నిరీక్షణే. అంటే ఇరవై ఒకటి నుంచి ఇరవై ఆరేళ్ల వయసు.

ఏ డిగ్రీ కావాలో ఇక్కడి నుంచే తేలుతుంది. ఏవియేషన్ బి.ఎస్సీ., ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్, ఏరోనాటికల్ ఇంజనీరింగ్ అయితే రెండూ కలిసొస్తాయని కాలేజీలు చెబుతాయి. కానీ విమానాలు ఆగిన ఏడాది విమానాశ్రయ ఉద్యోగాలూ ఆగుతాయి. ఒకే బోరుకు రెండు మోటార్లు బిగిస్తే నీళ్లు ఎండిన రోజు రెండూ ఆగినట్టే. అమెరికా లెక్క వేరు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అక్కడ ఎయిర్‌లైన్‌లో చేరడానికి 1,500 గంటలు కావాలన్న నియమం 2013లో వచ్చింది, గుర్తింపు పొందిన ఏవియేషన్ డిగ్రీ ఉంటే 1,000 గంటలు చాలు. అక్కడ ఆ డిగ్రీ ఐదు వందల గంటలు మిగులుస్తుంది. ఇక్కడ ఒక్క గంట కూడా మిగల్చదు. పైగా అమెరికాలోనే డెల్టా 2022 జనవరిలో నాలుగేళ్ల డిగ్రీ నిబంధన తీసేసింది. అక్కడి సలహాను ఇక్కడి పిల్లలకు యథాతథంగా చెప్పడం న్యాయం కాదు.

ముందు బి.టెక్., తర్వాత పైలట్ అనేది మన ఇళ్లలో మరీ పాతుకుపోయిన ఆలోచన. అయితే ఎయిర్‌లైన్లలో ఎవరు ముందు చేరితే వాళ్లే సీనియర్లు. నాలుగేళ్ల ఆలస్యం ఉద్యోగ జీవితమంతా వెంటాడుతుంది. ఈ అభ్యంతరం బలమైనదే, కానీ అది డిగ్రీకి అడ్డు కాదు, కాలేజీలో నాలుగేళ్లు కూర్చోవడానికి మాత్రమే అడ్డు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే మొదలైంది, 1985లో ఇగ్నో వచ్చింది. ఫ్లయింగ్ శిక్షణ పొందుతూనే దూరవిద్యలో బి.కాం. పూర్తి చేయవచ్చు. గ్రూప్స్‌కూ బ్యాంకు పరీక్షలకూ ఏ డిగ్రీ అయినా చాలు. బేతంచెర్లలాంటి ఊళ్లో దాని విలువ ఇంకా ఎక్కువ. బండల పాలిష్ ఫ్యాక్టరీలకూ చుట్టుపక్కల సిమెంటు పరిశ్రమకూ లెక్కలు, జీఎస్టీ చూసేవాళ్లు ఎప్పుడూ కావాలి. రాయి మీద ఆసక్తి ఉన్నవాళ్లకు జియాలజీ ఉంది. కడప, కర్నూలు శిలల మీద భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ పెద్ద గ్రంథం 1872లోనే వెలువడింది. ఇక్కడి బిల్లసర్గం గుహల గురించి 1840లలోనే రాసిన న్యూబోల్డ్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కెప్టెన్, జీతం కత్తికి, పేరు మాత్రం రాళ్ల చదువుకు. ఈ నేల మీద జియాలజీ ఎన్నడూ వృథా కాలేదు. జియాలజీకి మాత్రం దూరవిద్యలో చేరినా ల్యాబు, క్షేత్ర పర్యటనలు తప్పవు. సీనియారిటీ మీద తొందర ఉన్నవాళ్లు బి.కాం.నే ఎంచుకోవాలి.

ఇరవై ఏళ్ల క్రితం నాటి డిగ్రీ నలభై ఐదేళ్ల కెప్టెన్‌కు ఏం పనికొస్తుందన్న ప్రశ్న మిగిలింది. పెద్దగా పనికిరాదు. రక్తపోటో, చూపో, గుండో దెబ్బతిని మెడికల్ పోయినవాడిని పాత బి.కాం. నిలబెట్టలేదు. ఆ వయసులో నిలబెట్టేవి లైసెన్సు నష్టానికి చేయించుకున్న బీమా, శిక్షకుడిగా సంపాదించిన అర్హత, అప్పటికి కూడబెట్టిన డబ్బు. డిగ్రీ మీద మోయలేని భారం వేయకూడదు. అది కాపాడేది మొదటి ఐదారేళ్లను. అయితే శిక్షణకు అరకోటి దాటే అప్పుకు కిస్తీలు కట్టాల్సింది కూడా సరిగ్గా ఆ ఏళ్లలోనే.

బేతంచెర్ల తల్లిదండ్రులకు నా విన్నపం ఇదే. పొలమో ఫ్యాక్టరీ వాటానో తాకట్టు పెట్టే ముందు పిల్లలకు క్లాస్ వన్ మెడికల్ చేయించండి. అది నెగ్గితే, ఫ్లయింగ్ స్కూలు ఫీజు కట్టిన ఏడాదే విమానాలతో సంబంధం లేని డిగ్రీలో కూడా చేర్పించండి.