మగవారి రొమ్ము గడ్డకు సూది పరీక్ష

రొమ్ములో చేతికి తగిలిన గడ్డలోకి సన్నని సూది దించి, కాసిని కణాలు లాగి, స్లైడు మీద పరచి మైక్రోస్కోపు కింద చూసే పద్ధతిని ఆస్పత్రుల్లో ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. జనం నోట అది సూది పరీక్ష. కోత లేదు, కుట్లు లేవు, మామూలుగా మత్తుమందూ అక్కర్లేదు. ఓపీలోనే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఫలితం చాలాచోట్ల ఒకటి రెండు రోజుల్లో వస్తుంది.

తెలుగులో రొమ్ము ఆడామగా ఇద్దరిదీ. రొమ్ము విరుచుకుని నిలబడ్డాడంటే మగవాడి గురించే అనుకుంటాం. పక్కన క్యాన్సర్ అనే మాట చేరగానే మాత్రం అది ఆడవాళ్ల జబ్బైపోతుంది. మగవారి చనుమొన వెనుక కూడా కొద్దిపాటి నాళాలుంటాయి, వాటిలోనూ క్యాన్సర్ పుట్టవచ్చు. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో మగవారివి దాదాపు 1 శాతం, ఎక్కువగా 60 ఏళ్లు దాటినవారిలో. అరుదైన జబ్బే, కానీ మగవాడికి ఇదెక్కడి జబ్బన్న అపనమ్మకంతో, చెప్పుకోవడానికి సిగ్గుపడి నెలల తరబడి దాచుకోవడం వల్ల ముదిరాక బయటపడుతుంది.

మగవారిలో కనిపించే రొమ్ము గడ్డల్లో అత్యధికం గైనకోమాస్టియా, అంటే హార్మోన్ల తూకం తప్పి రొమ్ము కణజాలం పెరగడం. పుట్టిన పసికందులోనూ, మీసం మొలిచే వయసులోనూ, ముసలితనంలోనూ ఇది సహజంగానే రావచ్చు. కాలేయం గట్టిపడినా, థైరాయిడ్ ఎక్కువైనా, వృషణాల్లో కంతి ఉన్నా వస్తుంది. స్పైరనోలాక్టోన్, ఫినాస్టెరైడ్, కీటోకొనజోల్ వంటి మందులూ, కండల కోసం వాడే స్టెరాయిడ్లూ కారణమే. ఉదాహరణకు, హైదరాబాద్‌ను ఆనుకున్న రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని ఖాజాగూడలో రాతిగుట్టల పక్కనే ఇప్పుడు ఐటీ కొలువుల యువకులు ఎందరో కాపురముంటున్నారు. ఇలాంటి చోట జిమ్‌లో వాడే ఆ స్టెరాయిడ్ల సంగతి డాక్టరు తప్పక అడగాలి, వచ్చినవారు దాచకుండా చెప్పాలి.

రెండు వైపులా చనుమొన చుట్టూ సమంగా, నొప్పితో, మెత్తగా పెరిగితే అది గైనకోమాస్టియా అని చేతి పరీక్షలోనే చాలావరకు తెలుస్తుంది. కుర్రవాళ్లకు ప్రతిసారీ సూది వేయనక్కర్లేదు. ఒకే వైపున, చనుమొనకు పక్కగా, రాయిలా గట్టిగా ఉన్నా, మొన లోపలికి లాగినా, నెత్తురు కారినా, చంకలో బిళ్ళ తగిలినా ఆలస్యం చేయకూడదు.

డాక్టరు గడ్డను రెండు వేళ్ల మధ్య కదలకుండా పట్టి, 22 నుంచి 25 గేజ్ సూదిని లోపల ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. సిరంజిలో లాగిన ఒత్తిడిని వదిలాకే సూది బయటికి తీయాలి, లేకపోతే కణాలు సిరంజిలోకి పోయి స్లైడుకు అందవు. కొన్ని స్లైడులను ఆల్కహాలులో ముంచుతారు, కొన్నిటిని గాలికి ఆరబెడతారు. రెండు రకాల రంగులకు రెండు రకాల తయారీ. మగవారి రొమ్ము పలుచన కాబట్టి సూదిని ఛాతీ గోడకు సమాంతరంగా పోనివ్వడం మంచిది. కాస్త కమిలినట్టవడం మామూలే.

గైనకోమాస్టియాలో కణాలు ఒకదానికొకటి అతుక్కున్న పలకలుగా, మధ్యమధ్య ఒంటరి కేంద్రకాలతో కనిపిస్తాయి. క్యాన్సరైతే పెద్ద కేంద్రకాలున్న కణాలు విడివిడిగా చెదురుతాయి. గైనకోమాస్టియా గడ్డ పీచుగా ఉంటే కణాలే రాకపోవచ్చు. అప్పుడు రిపోర్టులో 'చాలినంత లేదు' అని రాస్తారు. దాన్ని 'ఏమీ లేదు' అని చదువుకోవడం పెద్ద పొరపాటు, పరీక్ష మళ్లీ చేయించాలి. మన దేశంలో అప్పుడప్పుడు బోదకాలు పురుగు పిల్లలూ, క్షయ గుర్తులూ ఇదే సూదికి చిక్కుతాయి.

ఈ సూది పరీక్ష పద్ధతికి 1930లో న్యూయార్క్ మెమోరియల్ ఆస్పత్రిలో మార్టిన్, ఎల్లిస్ బాట వేశారు. దాన్ని మరింత సన్నని సూదులతో ప్రపంచానికి అలవాటు చేసింది స్టాక్‌హోం వైద్యులు. హైదరాబాద్‌లో ఈ పరీక్షకు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, పంజాగుట్ట నిమ్స్ పాత దిక్కులు. ఖాజాగూడ వాసులకు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లోనే పెద్ద ప్రైవేటు ఆస్పత్రులున్నాయి.

సూది గుచ్చితే గడ్డ చెలరేగుతుందన్న భయం ఊళ్లలోనే కాదు, చదువుకున్న ఇళ్లలోనూ వినిపిస్తుంది. సన్నని సూదితో అలా జరగడం అత్యంత అరుదు. సూది చెప్పలేనివి మాత్రం ఉన్నాయి. క్యాన్సర్ నాళం గోడ దాటిందా లేదా అన్నది తేలదు. అందుకు మందపాటి సూదితో చిన్న ముక్క తీసే కోర్ బయాప్సీ కావాలి. హార్మోన్ రిసెప్టర్ల పరీక్షా ఎక్కువగా ఆ ముక్క మీదే చేస్తారు. మగవారి రొమ్ము క్యాన్సర్లలో చాలావరకు ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉన్నవే కావడంతో టామాక్సిఫెన్ మాత్ర పనిచేస్తుంది. క్యాన్సర్ అని తేలిన మగవారికి బీఆర్‌సీఏ2 జన్యువు పరీక్ష కూడా సూచిస్తారు. అందులో లోపం బయటపడితే తర్వాత పరీక్ష చేయించుకోవలసింది ఆయన తోబుట్టువులూ కూతుళ్లూ కొడుకులూ.