నీటి పొదుపు: ఎరేటర్ ఎక్కడ పనిచేస్తుంది? ఎక్కడ పనిచేయదు?

2024 వేసవి ఆరంభంలో బెంగళూరులో బోరుబావులు ఎండిపోయాయి. జనం ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు. ఆ మార్చిలో నగర జలమండలి ఒక ఆదేశం ఇచ్చింది. అపార్ట్‌మెంట్లు, హోటళ్లు, పరిశ్రమలు, వాణిజ్య సంస్థలు తమ కుళాయిలకు ఎరేటర్లు బిగించుకోవాలన్నది దాని సారాంశం. దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి కావేరి నీటిని ఎత్తుకు పంపు చేసి తెచ్చుకునే నగరం అది. అక్కడ ఒక లీటరు మిగిలితే, దాన్ని తెచ్చేందుకు అయ్యే కరెంటూ మిగులుతుంది.

ఎరేటర్ అంటే ఏమిటి?

కుళాయి మూతికి బిగించే చిన్న జల్లెడ లాంటి పరికరం ఇది. నీటి ధారలో గాలి కలిపి, తక్కువ నీటితోనే చేయి తడిసేలా చేస్తుంది. నిమిషానికి 10 లీటర్లు వదిలే కుళాయి కింద 20 సెకన్లు చేతులు కడిగితే మూడు లీటర్లకు పైగా పోతాయి. 3 లీటర్ల ఎరేటర్ ఉంటే ఒక లీటరు సరిపోతుంది.

అయితే బకెట్ నింపేటప్పుడు దీనివల్ల ఒక్క చుక్క కూడా మిగలదు. 15 లీటర్ల బకెట్‌కు 15 లీటర్లు పట్టాల్సిందే, కాకపోతే ఎక్కువ సేపు పడుతుంది. అందుకే వాష్‌బేసిన్‌కు, వంటింటి సింక్‌కు ఎరేటర్ మేలు. బకెట్ పట్టే కుళాయికి అనవసరం. ఉప్పునీటి బోర్లున్న చోట జల్లెడకు తెల్లటి పొర పట్టి ధార సన్నబడుతుంది. అప్పుడప్పుడు విప్పి వెనిగర్‌లో నానబెట్టి కడగాలి.

అసలు వృథా ఎక్కడ?

చాలా ఇళ్లలో ముందు చూడాల్సింది ఫ్లష్ ట్యాంకు. నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు రోజుకు అయిదుసార్లు ఫ్లష్ చేస్తారనుకుందాం. 10 లీటర్ల పాత ట్యాంకైతే 200 లీటర్లు ఖర్చవుతాయి. 6, 3 లీటర్ల రెండు బటన్లున్న ట్యాంకులో ఒక్కొక్కరు ఒకసారి పెద్దది, నాలుగుసార్లు చిన్నది నొక్కితే మొత్తం 72 లీటర్లే. రోజుకు 128 లీటర్లు మిగిలినట్టు. జల్ జీవన్ మిషన్ గ్రామాల్లో ఒక్కొక్కరికి రోజుకు 55 లీటర్లు అందించాలని లక్ష్యంగా పెట్టుకుంది. అంటే ఈ పొదుపు ఇద్దరి వాటా కంటే ఎక్కువ.

ట్యాంకు మార్చే స్తోమత లేకపోతే, నీళ్లు నింపి మూత బిగించిన లీటరు సీసాను అందులో పెట్టొచ్చు. లోపలి భాగాలకు తగలకుండా చూసుకుంటే చాలు. ఫ్లష్ చేసిన ప్రతిసారీ సుమారు లీటరు తగ్గుతుంది. ఒక్క ఫ్లష్‌తో శుభ్రం కాకపోతే మాత్రం సీసా తీసేయాలి. రెండుసార్లు ఫ్లష్ చేస్తే పొదుపు మాట అటుంచి ఖర్చు పెరుగుతుంది.

కనిపించని లీకేజీని ఎలా పట్టుకోవాలి?

ఫ్లష్ ట్యాంకులో కొంచెం వంట రంగు కలిపి, పావుగంట ఫ్లష్ చేయకుండా ఆగండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు సీల్ పాడైనట్టే. మొత్తం సెట్ కొననక్కర్లేదు, సీల్ మారిస్తే చాలావరకు సరిపోతుంది. తిప్పే పాత కుళాయి కారుతున్నా ముందు వాషర్ మార్చి చూడాలి. దీంతో నీళ్లే కాదు, ఇత్తడి కుళాయి కూడా తుక్కులోకి పోకుండా మిగులుతుంది.

ప్లంబర్‌ను ఏం అడగాలి?

కొత్త ఇల్లైతే గోడలు పూయకముందే పైపుల కొలతలు కాగితం మీద గీయించండి. మలుపులు తగ్గితే పైపు ముక్కలు, ఎల్బోలు వృథా కావు. పూత వేసేలోపే పైపుల్లో నీళ్లు నింపి ఒత్తిడి పరీక్ష చేయించండి. తర్వాత లీకు బయటపడితే గోడ పగలగొట్టాలి, టైల్స్ మళ్లీ కొనాలి.

తక్కువ నీటితో పనిచేసే ప్లంబింగ్ సామగ్రికి భారత ప్రమాణాల సంస్థ 2021లో ఐఎస్ 17650 ప్రమాణం తెచ్చింది. కమోడ్, కుళాయి కొనేముందు ధరతోపాటు ఫ్లష్‌కు ఎన్ని లీటర్లు, నిమిషానికి ఎన్ని లీటర్లు అని కూడా దుకాణంలో అడగండి. ఒకసారి బిగించాక ఏళ్ల తరబడి నీటి ఖర్చును నిర్ణయించేది ఆ అంకెలే.