కరణీకము

కరణ మను మాట, చేయుట యను నర్థముగల సంస్కృత 'కృ' ధాతువునుండి పుట్టి, లేఖకునికిని, పిదప గ్రామలెక్కలు వ్రాయు నుద్యోగికిని పేరై, హోసూరు సీమలో తెలుగువారి నోటనే కాక 'కర్ణ'మై తమిళుల నోటను నిలిచినది. కన్నడిగులు మాత్రము శానుభోగుఁ డందురు. అతని పదవి కరణీకము. 1895 నాటి మద్రాసు చట్టము దానిని వంశమునకు ముడివేయఁగా, 1960లో సుప్రీంకోర్టు ఆ వంశపారంపర్యపు హక్కును త్రోసిపుచ్చెను; 1980లో తమిళనాడు ప్రభుత్వము పదవినే రద్దుచేసెను. పదవి వేఱు, వ్యక్తి వేఱు అను నీ భేదమే నేఁటి కంప్యూటరు వ్యవస్థలలోను గలదు. అందు, 1992లో ఫెరైయోలో, కూన్ అను నమెరికా శాస్త్రజ్ఞులు వివరించిన క్రమమున, మొదట 'రోలు' (role) అను పదవిని సృజించి, చదువుట, దిద్దుట, ఆమోదించుట మొదలగు ననుమతులను దానికే యొసఁగి, ఆ పిమ్మట వ్యక్తులను దానియందు నియమింతురు. వ్యక్తి వెడలినను రోలు చెక్కుచెదరదు. హోసూరు కార్ఖానాలలో ఒక్క మనిషి కొఱకే రోలు సృష్టింపఁబూను ఇంజనీరులు ఆ సుప్రీంకోర్టు తీర్పును ఒక్కమారు చదువుదురుగాక.