పెరిగే పట్టిక, పెరగని చార్టు

అంకెల పట్టికను చదివి దానిలోని హెచ్చుతగ్గులను గ్రహించుటకు ఓపిక కావలెను. అదే పట్టికను గీతగా మార్చినచో కన్ను ఒక్క క్షణములో పోల్చుకొనును. ఈ మార్గమును చూపినవారిలో ముఖ్యుడు స్కాట్లండు దేశీయుడగు విలియం ప్లేఫేర్. ఆయన 1786లో లండనులో ప్రకటించిన వాణిజ్య, రాజకీయ అట్లాసులో 44 చార్టులున్నవి. వానిలో 43 చార్టులు ఎగుమతి, దిగుమతులు మొదలగు లెక్కలు ఏటేట ఎట్లు మారినవో గీతలతో తెలుపును. మిగిలినది పట్టీల చార్టు.

ఆ చార్టులను రాగిరేకులపై చెక్కి అచ్చువేసిరి. మరుసటి సంవత్సరపు అంకె వచ్చినంత మాత్రమున రేకుపై గీత ముందుకు సాగదు గదా! చేతితో గీచిన గ్రాఫునకును ఇదే గతి. అంకె మారినచో చార్టును మరల గీయవలసినదే.

1978లో హార్వర్డు వ్యాపార విద్యాలయములో చదువుచున్న డాన్ బ్రిక్లిన్‌కు ఒక ఆలోచన తోచినది. నల్లబల్లపై వేసిన లెక్కలో ఒక అంకె మారినచో, దానిపై ఆధారపడిన గడులన్నిటిని తుడిచి మరల వ్రాయవలెను. ఈ శ్రమను యంత్రమునకు అప్పగింపరాదా? బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి ఆయన తయారుచేసిన విసికాల్క్ 1979లో యాపిల్-2 కంప్యూటరుపై విడుదలైనది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3లో లెక్కల పట్టిక, చార్టు, సమాచారపు జాబితా మూడును ఒకచోట చేరినవి. అంకె మార్చి ఒక మీట నొక్కినచో చార్టు క్రొత్తగా గీయబడెడిది.

ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. చార్టునకు మనము ఇచ్చునది అంకెలను కాదు, అవి ఉన్న గడుల చిరునామాను. రెండవ వరుస నుండి పదమూడవ వరుస వరకు అని చెప్పినచో అది పన్నెండు నెలల లెక్కను చూపును. పదమూడవ నెల లెక్కను పట్టిక క్రింద చేర్చినను చార్టు దానిని చూడదు.

1992లో క్వాట్రో ప్రో, 1993లో ఎక్సెల్ 5 ఒకే ఫైలులో పెక్కు పుటలను ట్యాబులుగా అమర్చు వసతిని కల్పించినవి. వ్యాపారి శాఖకొక ట్యాబు పెట్టుకొనవచ్చును. కాని మొదటి శాఖ చార్టును మాత్రమే కాపీచేసి రెండవ శాఖ ట్యాబులో ఉంచినచో, అది మొదటి శాఖ అంకెలనే చూపుచుండును. శీర్షిక ఒకరిది, గీత మరొకరిది!

దీనికి ఉపాయములు లేకపోలేదు. కౌంట్‌ఏ అను సూత్రము నిండిన గడులను లెక్కించును. ఆఫ్‌సెట్ అను సూత్రము ఆ లెక్కకు తగినంత పరిధిని ఏర్పరచును. ఆ పరిధికి ఒక పేరు పెట్టి చార్టునకు ఆ పేరునే ఇచ్చినచో పట్టికతోపాటు చార్టును పెరుగును. 2007 నాటి ఎక్సెల్‌లో, టేబులుగా ప్రకటించిన పట్టికకు వరుస చేర్చినచో దానిపై గీచిన చార్టు తానే విస్తరించును. ట్యాబులు అనేకమైనప్పుడు ఇండైరెక్ట్ అను సూత్రము ఉపకరించును. ఎంచుకొన్న ట్యాబు పేరును బట్టి అంకెలను ఒకచోటికి తెచ్చినచో, ఒక్క చార్టే అన్ని శాఖలకు చాలును.

ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన విషయము కాదు. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ప్రభుత్వ ఋణమునకు, ఆర్థికాభివృద్ధికి గల సంబంధముపై ప్రకటించిన వ్యాసము పలు దేశముల విధాన చర్చలలో ఉదహరింపబడినది. 2013లో థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి వారి పట్టికను పరిశీలించినాడు. సగటు కట్టిన సూత్రము 49వ వరుస వరకు సాగుటకు మారుగా 44వ వరుసతోనే నిలిచినది. ఐదు దేశములు లెక్కలో చేరలేదు. ఫలితములోని తేడాకు ఇది చిన్న కారణమే. కొన్ని సంవత్సరముల అంకెలను విడుచుట, సగటు కట్టిన పద్ధతి ఇంకను పెద్ద కారణములని హెర్న్‌డన్, ఆయన సహరచయితలు చూపిరి. వ్యాసకర్తలు పరిధిలోని పొరపాటును అంగీకరించిరి గాని, తమ ప్రధానాభిప్రాయమును విడువలేదు.

ఆ పరిధి చార్టులోనిది కాదు, సూత్రములోనిది. అయినను తప్పు ఒక్క తీరుదే. లెక్క ఎక్కడను ఆగలేదు; కంప్యూటరు ఏ హెచ్చరికయు చేయలేదు. కావున చార్టును నలుగురికి చూపుటకు ముందు పట్టికలోని చివరి వరుస దానిలో చేరినదో లేదో ఒకమారు చూచుకొనుట మంచిది.