కార్మెలు మఠపు గ్రంథములు: మొదట దేనిని చదువవలెను?



గోదావరిఖనిలో మా యింటి యరుగుమీద సాయంకాలము కొందరు వృద్ధులు కూడుట వాడుక. వారిలో నొకరు మొన్న నన్నిట్లడిగిరి: "క్రైస్తవులలోను మన పోతన్నవంటి భక్తులున్నారని వింటిని. వారి గ్రంథములలో మొదట దేనిని చదువవలెను?" ప్రశ్న చిన్నదే. కాని దానికి తప్పుదారి చూపినచో చదువరికి హాని కలుగునని నేను స్వానుభవమున నెరుగుదును. కావున నేటి ప్రసంగమునకు దానినే విషయముగా గైకొంటిని. నేను భాగవతము చదువుకొను నింట బుట్టినవాడను; క్రైస్తవుడను కాను. చదువరిగా మాత్రమే చెప్పుచున్నాను.

ఈ భక్తులు మనకు దూరపువారని తలపవలదు. కేరళదేశమున మాన్నానము అను తావున 1831లో వెలసిన కార్మెలు సభవారికి 1962లో చాందా ప్రాంతపు ధర్మకార్య మప్పగింపబడెను. నాటి ఆదిలాబాదు జిల్లాయు అందులోనిదే. అనగా మన గోదావరి యావలి గట్టున, మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గు గనుల నడుమ నివసించిన ఆ గురువులు, స్పెయినుదేశపు ఆవిలా తెరేజమ్మను, సిలువ యోహానును తమ పూర్వాచార్యులుగా నెంచువారే. 1999లో మంచిర్యాల కేంద్రముగా ఆదిలాబాదు మేత్రాసన మేర్పడెను. ఏటి కావల నున్నవారి పెద్దలు వ్రాసినదేమో తెలిసికొనుట ఇరుగుపొరుగు ధర్మము గదా!

తెలుగునకును ఈ సంబంధము క్రొత్తది కాదు. 18వ శతాబ్ది యారంభమున పుంగనూరు మొదలగు తావులకు వచ్చిన యేసుసభ గురువులు మన భాష నేర్చిరి. మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' అను క్రైస్తవ కావ్యమును తెలుగు పద్యములలోనే రచించెను. పింగళి ఎల్లనార్యుని 'సర్వేశ్వర మాహాత్మ్యము' మరియొకటి. పరమాత్మను సర్వేశ్వరుడనుట, విశ్వాసుల సమాజమును విచారణ యనుట, సన్న్యాసినిని మఠకన్య యనుట తెలుగు కతోలికుల వాడుకలో నిలిచినవి. పరదేశపు అనుభవము మన మాటల గుమ్మము దాటియే లోనికి రావలెను.

ఆ మాటలలో నొకటి నాకు మిక్కిలి ప్రియము. తాను చేసిన తప్పును గురువు నెదుట చెప్పుకొనుటకు వారు పాపసంకీర్తనమని పేరు పెట్టిరి. సంకీర్తనమనగా స్తుతి కూడ గదా! క్రీ.శ. 400 ప్రాంతమున అగుస్తీను అను పీఠాధిపతి లాటిను భాషలో రచించిన ఆత్మకథకు 'కన్ఫెషన్స్' అని పేరు. ఆ లాటిను మాటకును రెండర్థములు: దోషము నొప్పుకొనుట, దైవమును కొనియాడుట. ఆ గ్రంథమున రెండును కలవు. ఆంగ్లమున మరుగుపడు రెండవ యర్థము తెలుగు మాటలో తనంత తానే నిలిచియున్నది. అనువాదమన్నంత మాత్రమున నష్టమే యనరాదనుట కిది యొక్కటి చాలును.

ఇంకొక నిదర్శనము చెప్పెదను. తెరేజమ్మ 1515లో పుట్టి 1582లో గతించినది. ఆమెకు లాటిను రాదు. అగుస్తీను గ్రంథమునకు స్పానిషు అనువాదము 1554లో వెలువడగా, నలుబదేండ్ల ప్రాయమున దానిని చదివి కన్నీరు కార్చినట్లు ఆమెయే వ్రాసికొన్నది. 1559లో స్పెయినుదేశపు మత విచారణాధికారి, దేశభాషలోని భక్తిగ్రంథములను పెక్కింటిని నిషేధించెను. పండితులకు లాటిను మిగిలెను. ఆమెవంటి వారికి పుస్తకమే లేకపోయెను. ఆ దుఃఖమును గూడ ఆమె దాచలేదు. ఇట్టి యామె తదనంతరము తన మఠకన్యల కొరకు దేశభాషలోనే వ్రాసినది. కావున మనము అనువాదములతో చదువుచున్నామని సిగ్గుపడ నక్కరలేదు. ఆ గురువమ్మయు అనువాదము చదివినదే.

ఇక మొదటి గ్రంథమేదను ప్రశ్నకు వత్తము. కాలక్రమమున జూచిన అగుస్తీను మొదటివాడు. పిమ్మట 15వ శతాబ్దిలో 'క్రీస్తానుకరణము' వ్రాసిన థామస్ ఎ కెంపిస్. పిమ్మట తెరేజమ్మ. ఆమె 1577లో జూను మొదలు నవంబరు లోపల 'అంతరంగ దుర్గము' ముగించినది. ఆ యేడు డిసెంబరులోనే ఆమె శిష్యతుల్యుడగు సిలువ యోహానును సంస్కరణ గిట్టని స్వసభవారే పట్టి టొలీడో నగరమున చెరబెట్టిరి. తొమ్మిదినెలలు ఇరుకుగదిలో నుండి, అందే కొన్ని గీతములు కట్టి, 1578 ఆగస్టులో రాత్రివేళ ఆయన తప్పించుకొని పోయెను. చరిత్ర యీ క్రమమున నడచినది గాని, చదువరి యీ క్రమముననే నడువవలెనని నియమము లేదు. మెట్టును తప్పుగా నెన్నుకొన్నచో ఏమగునో నా కథయే చెప్పును.

నేను గనిలో దీపముల గదియందు ముప్పదియేండ్లు గుమాస్తాగా పనిచేసితిని. విరమించిన మరుసటి యేడే నా భార్య గతించినది. నిద్రలేని రాత్రులు పెక్కు గడచినవి. అప్పుడొక మిత్రుడు, సదుద్దేశముతోనే, సిలువ యోహాను రచించిన 'చీకటి రాత్రి' యొక్క ఆంగ్లానువాదమును నా చేత బెట్టెను. పేరు చూచినంతనే ఇది నాకొరకే వ్రాయబడినదనుకొంటిని. నలుబది పుటలు చదివి, నా దిగులే తపస్సనియు, ఎవరితోను పలుకకుండుటయే వైరాగ్యమనియు నిశ్చయించుకొంటిని. మనుమడు పలక తెచ్చి అక్షరము దిద్దింపుమనిన పొమ్మంటిని. అన్నము సరిగా ముట్టనైతిని. ఇట్లు నాలుగు నెలలు గడచినవి.

నాతో గనిలో పనిచేసిన వృద్ధుడొకడు, పైకప్పునకు దుంగలు నిలుపువాడు, నన్ను చూడవచ్చి సంగతి విని యిట్లనెను: "ఏందన్నా, ట్రైనింగు లేకుంట మొదటి దినమే నిన్ను ఫేసు మీదికి ఎవలు తోలిండ్రు?"

ఆ మాట నాకు సూటిగా తగిలెను. 1966 నాటి నియమముల ప్రకారము, శిక్షణ పొందని క్రొత్తవానిని గనిలో పనికి దింపరాదు. పిదపకూడ ఎరిగినవాని వెంటనే బొగ్గు కొట్టు తావునకు పోవలెను. లోపలి చీకటి చెడ్డదని కాదు, అందు మెలగుట నేర్వవలెనని. సిలువ యోహానుడును ఈ జాగ్రత్త చెప్పకపోలేదు. దైవము కల్పించిన రాత్రికిని, మనోవ్యాధివలని దిగులునకును భేదము తెలియుటకు ఆయన మూడు గురుతులు చెప్పెను. లోకవస్తువులలోను భక్తిలోను రుచి తోపకుండుట ఒకటి. దైవసేవలో వెనుకబడితినేమో యను వేదన నిరంతర ముండుట రెండవది. మునుపటివలె మనస్సుతో ధ్యానింపజాలకుండుట మూడవది. నాకు మొదటిది మాత్రమే యుండెను. అది తపస్సు కాదు, భార్యను పోగొట్టుకొన్నవాని దుఃఖము. ఆ గ్రంథమున దోషము లేదు. నేను ప్రవేశించిన ద్వారమే తప్పు.

తరువాత నేను పట్టుకొన్నది చిన్న పుస్తకము, 'దైవసన్నిధి అభ్యాసము'. దాని మూలపురుషుడు సహోదర లారెన్సు. ఫ్రాన్సుదేశపు లొరేను ప్రాంతమున 17వ శతాబ్దిలో పుట్టి, సిపాయిగా యుద్ధమునకు పోయి గాయపడి కుంటివాడయ్యెను. పిమ్మట ప్యారిసులోని కార్మెలు మఠమున చేరగా వంటశాల నప్పగించిరి. ఆ పని ఆయనకు స్వభావముచే కిట్టనిది. సారాయము కొనుటకు పడవపై పంపిన, కాలు సాగక పీపాలమీద దొర్లుచు పోవలసివచ్చెడిది. వంటయైనను, తుదకు చెప్పుల పనియైనను, పని చేయుచునే దైవముతో మాటలాడుట ఆయన సాధన. 1691లో ఆయన గతించిన పిమ్మట, బొఫోరు అను గురువు ఆయన జాబులను, సంభాషణలను కూర్చి ప్రకటించెను. ఇందు దర్శనముల వర్ణన లేదు. ఎక్కవలసిన శిఖరము లేదు. అది చదివిన మరునాడు నేను పొయ్యి రాజేసి నా యన్నము నేనే వండుకొంటిని. మనుమని పలకయు దిద్దించితిని.

కావున నా సలహా యిది. మొదట లారెన్సును చదువుడు. పిదప అగుస్తీను పదుమూడు ఖండములలో కథనడచు మొదటి తొమ్మిదింటిని చదువుడు. 'క్రీస్తానుకరణము' వివేకానందస్వామి దేశాటనమున భగవద్గీతతో కూడ వెంట నుంచుకొన్న గ్రంథము. 1889లో ఆయన దానిని కొంతవరకు వంగభాషలోనికి తెచ్చెను. కాని యది సన్న్యాసులకు వ్రాసినది. గృహస్థు దానిని రోజునకొక పుట చొప్పున మాత్రము చదువుట మేలు. ఆ తరువాత తెరేజమ్మ దుర్గము. మన రామగిరి కోటను చూచినవారికి ఏడు ప్రాకారములు లోపల లోపలికి పోవుట ఊహకందును. అందు వెలుగు నడిమి గదినుండి వచ్చును. వెలుపలి ప్రాకారమున పురుగుపుట్ర యుండును. అట్టివానిని వెంట దెచ్చుకొనక లోనికి పొమ్మని ఆమె హెచ్చరిక. సిలువ యోహానుడు చివర. ఆయనను ఒంటరిగా గాక ఎరిగినవారితో కూడి చదువుడు. దుఃఖము క్రొత్తగా నున్నప్పుడు ముట్టవలదు. తెలుగున ఆ గ్రంథమును 'కాళరాత్రి' యని పలుకువారున్నచో వారించుడు. ఆ మాటకు భయమే కలదు గాని, ప్రియుని వెదకుచు రాత్రివేళ గుట్టుగా ఇల్లు వెడలిన యాత్మ యొక్క సంతోషము లేదు.

నన్నడిగిన పెద్దకు లారెన్సు పుస్తకమునే ఇచ్చితిని. ఆయన మూడుదినములలో తిరిగి తెచ్చి, "ఇంతేనా?" అనిరి. "ఇంతే. ఇక రేపు ఉదయము నీళ్లు తోడునప్పుడు చూడుడు" అంటిని. ఆ మాటకు ఆయన నవ్వి, పుస్తకమును మరల తనతోనే తీసికొనిపోయిరి.

సెలవు.