తటస్థముగా ఉండదలచిన హైదరాబాదు

సికిందరాబాదునకు ఉత్తరమున, బొల్లారమునకు చేరువలో యాప్రాల్ అను ఊరు కలదు. ఇప్పుడది నగరములో కలిసిపోయినది. ఒక ప్రక్క సైన్యపు స్థలములు, కంచెలు. వేరొక ప్రక్క వరుసగా లేచిన ఇండ్లు. ఆ త్రోవను పోయినప్పుడెల్ల మాకొక సంగతి తలపునకు వచ్చుచుండును. ఇంచుమించు నూటనలుబది యేండ్లు పరాయి దండు గుమ్మమునందే విడిసియున్న ఒక రాజ్యము, ఆ దండును పంపిన దొరతనము దేశము విడిచిపోవు తరుణమున, ఇకమీదట యుద్ధము వచ్చినచో తాను ఏ ప్రక్కనూ చేరనని పలికెను. ఆ రాజ్యము హైదరాబాదు. పలికిన సంవత్సరము 1947.

ఆ యేడు ఆగస్టులో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను మౌంటుబాటనుకు ఒక లేఖ వ్రాసెను. భారతదేశమున విలీనమగుటకు అందు సమ్మతింపలేదు గాని, సంధికి సిద్ధమనెను. రాకపోకల సాధనములు అఖిల భారత ప్రమాణములకు తగినట్లుండును. రక్షణకు కొంత సైన్యమునిచ్చును. విదేశ వ్యవహారములలో భారతదేశపు పోకడనే స్థూలముగా అనుసరించును. వీనికి కొన్ని షరతులు. అందొకటి, భారత పాకిస్తానుల నడుమ యుద్ధము సంభవించినచో హైదరాబాదు తటస్థముగా నుండుట.

ఈ షరతును విని నేడు నవ్వుట సులభము. కాని ఆ వంశమునకు తటస్థత అనుమాట వెనుక ఒక చేదు అనుభవము కలదు. అది తాము తటస్థముగా నుండిన అనుభవము కాదు. ఇతరులు తటస్థముగా నిలిచి చూచుచుండగా తాము ఓడిన అనుభవము.

1790లో నిజాము అలీఖాను, పీష్వా, ఇంగ్లీషు కుంపిణీ ముగ్గురును టిప్పూ సుల్తానుపై కూడిరి. యుద్ధము ముగిసిన పిమ్మట మహారాష్ట్రులు చౌతు బకాయీలకై నిజాముపై కత్తి దూసిరి. హైదరాబాదున కుంపిణీ పటాలములు రెండుండెను. అయినను గవర్నరు జనరలు సర్ జాన్ షోరు, ఉభయులును మాకు మిత్రులే, మేము తటస్థులమని వానిని కదలనీయలేదు. 1795 మార్చిలో ఖర్డా వద్ద నిజాము ఓడిపోయెను. దౌలతాబాదు కోట పోయినది; మూడు కోట్ల రూపాయల కప్పము తలపై పడినది; మంత్రి అరస్తూజా బందీయై పూనాకు పోయెను. ఆ కోపముతో నిజాము ఇంగ్లీషు పటాలములను పంపివేసి, ఫ్రెంచివాడైన రేమండు దళములను పెంచెను. రేమండు 1798లో మరణించెను. ఆ యేడే సైన్య సహకార సంధి జరిగినది. ఫ్రెంచి దళములు చెదరిపోయినవి. 1800లో మరియొక సంధి. దానితో కడప, బళ్లారి మొదలగు సీమలు కుంపిణీకి దత్తమైనవి. కుంపిణీ అనుమతి లేక పరరాజ్యములతో ఏ రాయబారమును నడపరాదను కట్టుబాటు ఏర్పడినది. యుద్ధమున చేరుటయో మానుటయో నిర్ణయించు అధికారమే అంతటితో తీరినది.

1806లో, సికిందర్ జా ఏలుబడిలో, అతని పేరిట సికిందరాబాదు దండు వెలసెను. బొల్లారమున హైదరాబాదు కంటింజెంటు అను సైన్యము స్థిరపడినది. జీతము నిజాముది, ఆజ్ఞ ఇంగ్లీషువారిది. ఆ జీతపు బకాయీలు పెరిగి పెరిగి 1853లో బేరారు సీమ చేజారినది. ఇల్లు తాకట్టుపెట్టి కావలివానికి జీతమిచ్చినట్లు!

కావున 1947లో, ఇక మా యుద్ధములు మావి, ఇతరుల యుద్ధములు మావి కావు అనవలెనని నిజామునకు తోచుటలో వింత లేదు. వింతయైనది వేరొకటి. తటమనగా ఒడ్డు, తటస్థుడనగా ఒడ్డున నిలిచినవాడు. దాదాపు 82,000 చదరపు మైళ్ల ఆ రాజ్యమునకు ఒక్క రేవైనను లేదు. నలుదిక్కుల భారత భూమియే. పైగా, ఆ సంస్థానపు కోటీ అరువది లక్షల జనములో అత్యధికులు ఏ ప్రక్కను కోరుచుండిరో రహస్యము కాదు. స్వామి రామానందతీర్థ నాయకత్వమున స్టేటు కాంగ్రెసు 1947 ఆగస్టు 7ననే విలీన దినమును జరిపినది. కృష్ణా జిల్లా నడుమ దీవివలె నుండిన నిజాము గ్రామము పరిటాలలో ప్రజలు ఆ యేడే తాము స్వతంత్రులమని ప్రకటించుకొనిరి.

రేవు లేకున్నను స్విట్జర్లాండు తటస్థముగా నిలువలేదా యని ఎవరైన అడుగవచ్చును. నిలిచినది. 1940లో ఫ్రాన్సు పడిపోగా ఆ దేశము జర్మనీ, ఇటలీల పక్షపు దళముల నడుమ చిక్కినది. సేనాపతి గీసాను ఆ జూలైలో తన అధికారులను ర్యూట్లి పచ్చికబయలున సమావేశపరచి, కొండలలో నిలిచి పోరాడుదమని చెప్పెను. ఉద్యానవనములను దున్ని బంగాళాదుంపలు నాటిరి. తిండికి కొలత పెట్టిరి. జర్మనీతో వ్యాపారమును చేసిరి. దానికి వచ్చిన అపకీర్తి ఇంకను మాయలేదు. అయినను అచట తటస్థత జనుల సంకల్పము. హైదరాబాదున అది దర్బారు సంకల్పము మాత్రమే.

ఆ దర్బారైనను తన మాటను నిలుపుకొనెనా? 1947 అక్టోబరులో కాశ్మీరున పోరు మొదలైనది. నవంబరు 29న హైదరాబాదు, భారత ప్రభుత్వముల నడుమ ఒక సంవత్సరమునకు యథాతథ ఒడంబడిక జరిగినది. అచిరకాలముననే, పాకిస్తానుకు నిజాము ప్రభుత్వము ఇరువది కోట్ల రూపాయల అప్పు ఇచ్చినదని తెలిసినది. ఇచ్చిన విధము చూడుడు: భారత ప్రభుత్వపు ఋణపత్రముల రూపమున! పోరాడుచున్న ఇరువురిలో ఒకని పత్రములను రెండవవాని చేతికిచ్చుట తటస్థతయని ఏ ధర్మశాస్త్రమును ఒప్పదు. మరియొక శాసనముతో భారతదేశపు నాణెము సంస్థానమున చెల్లదనిరి. మా దృష్టిలో ఆ షరతునకు ప్రాణము పోయినది 1948 సెప్టెంబరున కాదు, ఈ అప్పుతోనే.

ఒడంబడిక ననుసరించి భారత ప్రతినిధిగా వచ్చిన మున్షీ బొల్లారమున విడిసెను. 1948 తొలి మాసములలో సికిందరాబాదు, బొల్లారములందలి భారత సైన్యము వెడలిపోయినది. తరువాతి నెలలు కష్టకాలము. మందులు, పెట్రోలు రానీయక భారతదేశము దిగ్బంధము చేసినదని హైదరాబాదు మొరపెట్టెను. అట్టి ఆజ్ఞ లేదని ఢిల్లీ బదులు చెప్పెను. సిడ్నీ కాటను అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి రాత్రులయందు ఆయుధములను చేరవేయుచుండెను. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్లపై పడుచుండిరి. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో పారిన నెత్తురు తెలుగువారు మరువరానిది. అనేక కుటుంబములు సరిహద్దు దాటి కృష్ణా తీరమునకు తరలినవి.

ఆగస్టులోనే హైదరాబాదు ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పంపెను. సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించినది. 16న ప్యారిసున భద్రతా సమితి ఆ విషయమును చేపట్టినది. 17 సాయంకాలమునకే పోరు ముగిసినది. స్విట్జర్లాండునకు ఉభయ పక్షముల అవసరములు కాపుగా నుండెను. హైదరాబాదునకై ఎవరును కదలి రాలేదు. ఆనాటి సాయంకాలమే నిజాము రేడియోలో మాటలాడెను. దక్కన్ రేడియో శ్రోతలు తమ ప్రభువు కంఠమును వినుట అపూర్వము. ఆ కేంద్రమే 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో చేరినది.

18న జనరలు చౌధురి ఎదుట ఎల్ ఎద్రూసు లొంగిపోయెను. కొలది నెలల క్రిందట వెడలిపోయిన సైన్యము సికిందరాబాదు, బొల్లారములకు తిరిగి వచ్చినది. యాప్రాల్ ప్రక్కనున్న కంచెలను చూచునప్పుడు ఇదంతయు మాకు జ్ఞాపకమునకు వచ్చును. అంతటితో చెప్పుట ఆపినచో మాత్రము సగము దాచినట్లే. సైన్యము వెనుకనే, ముఖ్యముగా మరాట్వాడా జిల్లాలలో, రజాకార్లతో ఏ సంబంధమును లేని ముస్లిములు అనేకులు ప్రతీకారమునకు బలియైరి. ప్రభుత్వము పంపిన పండిత సుందరలాలు సంఘము మృతులు తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 వరకు ఉందురని అంచనా వేసినది. దర్బారు మౌంటుబాటనుకు వ్రాసిన షరతును వారిలో ఎందరు వినియుందురో! ఆ సంఘపు నివేదిక అనేక దశాబ్దములు బయటికి రాలేదు. ఇప్పుడు చదువగోరువారికి లభించుచున్నది.